గడప బయటి బూటు, రెండేళ్ళ గడువు

ఫిజియోథెరపీ చదవబోయే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రెండు మూడు మాటలయ్యాక అందరూ ఒకటే అడుగుతారు: ఇంగ్లండులో ఎప్పటికీ ఉండిపోయే హక్కు చేతికొచ్చాక ఎందుకు వదిలేశారు మేడం అని. అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఎదురుగా కూర్చుని పొడుగ్గా మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. రాయడం కొంత నయం. వయసులో ఉన్నప్పుడు రోజూ డైరీ రాసేదాన్ని. ఆ నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, నా ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుందో ఇందులో ఉండదు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది, దాని వెనకే వచ్చిన ఒక నిర్ణయం ఉంటుంది. ఇది త్యాగం కథ కాదని ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా సన్మాన సభలో నన్ను చూపించి ఆ మాట అంటే నాకు లేచి వచ్చేయాలనిపిస్తుంది.

రెండేళ్ళకని వచ్చాను

మాది చిత్తూరు. వేలూరులో డిప్లొమా చదివి, డెబ్బయ్యో దశకం మొదట్లో ఇంగ్లండు ఉత్తర భాగంలో ఒక చిన్న పట్టణానికి ఆసుపత్రి ఉద్యోగం మీద వెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నాలుగేళ్ళు పనిచేశాక పాస్‌పోర్టులో ఒక ముద్ర కొట్టారు. ఇకమీద ఏ గడువూ లేకుండా ఆ దేశంలో ఉండవచ్చునని దాని అర్థం.

ఆ ఊరు నాకు నచ్చింది. చలికి వేళ్ళు పగిలేవి, కూరల్లో రుచి ఉండేది కాదు, అయినా నచ్చింది. నా గదికి రెండు వీధుల అవతల ఊరి గ్రంథాలయం ఉండేది. సెలవు రోజు పొద్దున వెళితే మూసేదాకా కూర్చునేదాన్ని. ఎవరూ పలకరించరు. ఇంకా పెళ్ళెందుకు కాలేదని అడగరు. నాలాంటి దానికి అది చాలా పెద్ద సుఖం. ఉద్యోగమూ బాగుండేది. డాక్టరు ఏ వ్యాయామం రాస్తే అది చేయించాలి, గంట కొట్టగానే ఇంటికి వెళ్ళాలి.

అలా ఆరేళ్ళు గడిచాక డాక్టర్ వరదాచార్యులుగారి నుంచి ఉత్తరం వచ్చింది. వేలూరులో మాకు పాఠం చెప్పిన ఎముకల డాక్టరు ఆయన. తిరుపతి నుంచి తిరుచానూరు పోయే దారిలో ఒక ట్రస్టువాళ్ళు పెట్టిన చిన్న ఆసుపత్రికి పెద్ద డాక్టరుగా వచ్చారు. పోలియో వచ్చిన పిల్లలు వరసకట్టి వస్తున్నారని, ఆపరేషన్లు తాను చేయగలనని, ఆ తర్వాత వాళ్ళను నిలబెట్టి నడిపించే మనిషి లేదని రాశారు. రెండేళ్ళు వచ్చి పోగలవా అని అడిగారు.

ఆ రెండేళ్ళనే మాట నాకు సరిగ్గా సరిపోయింది. అప్పటి నియమం ప్రకారం ముద్ర ఉన్నవాళ్ళు దేశం వదిలి రెండేళ్ళు దాటకుండా, అక్కడే స్థిరంగా ఉండటానికి తిరిగి వస్తే వాళ్ళ హక్కు చెల్లుతుంది. దాటితే పోయినట్టే. మా సూపరింటెండెంటు మంచి మనిషి. నా ఉద్యోగం అంతకాలం అట్టిపెడతానంది. డైరీ చివరి పేజీలో గడువు తేదీ రాసుకుని, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, బయల్దేరాను.

మునిరత్నం

ఆసుపత్రిలో నాకిచ్చింది ఒక గది. గది మధ్యలో నీళ్ళ పైపులు రెండు, పిల్లలు పట్టుకుని నడవడానికి. వెనక రేకుల పంచలో మునిరత్నం పనిచేసేవాడు. ఆయనది చంద్రగిరి, కొయ్యబొమ్మలు చెక్కే ఇంట్లో పుట్టి, బొమ్మల మీద బతకలేక పదేళ్ళు సైకిళ్ళు బాగుచేసినాయన. ఆయన చేతి పని చూసి డాక్టరుగారే పట్టుకొచ్చారు. నేను ఇంగ్లండు నుంచి తెచ్చిన నమూనా పటాలు చూపించి క్యాలిపర్లు చేయించేదాన్ని. క్యాలిపర్ అంటే కాలికి రెండు పక్కలా రెండు ఇనప కమ్మీలు. పైన తొడకు పట్టీ, మోకాలి దగ్గర వంగకుండా గొళ్ళెం, కింద కమ్మీల కొనలు తోలుబూటు మడమలో ఉన్న గొట్టంలోకి దిగుతాయి. జీవం లేని కాలు దాని మీద నిలుస్తుంది.

మునిరత్నం నాకు మొదటి రోజే పరీక్ష పెట్టాడు. నేనిచ్చిన కొలతల కాగితం అటూ ఇటూ తిప్పి, "ఈ కాలెవరిది మ్మా?" అన్నాడు. ఫలానా పిల్లవాడిదన్నాను. "ఆ పిల్లోడు నిలబడుకున్నప్పుడు కొలిచినారా, పడుకున్నప్పుడు కొలిచినారా?" పడుకున్నప్పుడే కొలిచాను. "నిలబడితే ఇంకో అరంగుళం ఉంటాది," అని కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఉంది. ఆ తర్వాత ఆయన మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. ఒక్కసారి తప్ప.

డాక్టరుగారికి కోపం ఎక్కువ. కోపం వస్తే ఇంగ్లీషులోకి వెళ్ళేవారు, ఇంకా ఎక్కువైతే తమిళంలోకి. కత్తి పట్టిన ఆయన చేతులంత నేర్పరి చేతులు నేను ఇంగ్లండులోనూ చూడలేదు. అయితే ఆపరేషన్ బల్ల దిగాక పేషెంటు ఇంటికి వెళతాడని, అక్కడ ఒక నేల, ఒక పొయ్యి, ఒక గడప ఉంటాయని ఆయనకు తట్టేది కాదు. నాకూ తట్టలేదు. ఆయన్ని అనే అర్హత నాకు లేదు.

మేకుకు తగిలించిన బూటు

పద్మకు ఎనిమిదేళ్ళు. తిరుచానూరు పిల్ల. మూడో ఏట జ్వరం వచ్చి కుడికాలు పడిపోయింది. తల్లి కుప్పమ్మ అమ్మవారి గుడి దగ్గర పూలు అమ్మేది. వాళ్ళింట్లో కట్టిన మాలలు గుళ్ళోకీ వెళ్ళేవి. నేను వచ్చిన మొదటి ఏడాదిలోనే పద్మకు క్యాలిపర్ చేశాము. తొమ్మిదో రోజుకు పిల్ల పైపులు వదిలేసి గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది, అంత గర్వం.

నెలకోసారి తీసుకురమ్మన్నాము. కుప్పమ్మ ఒక్క నెల కూడా తప్పలేదు. కానీ ఎందుకో పిల్ల మోకాలు మెల్లమెల్లగా ముడుచుకుపోవడం మొదలైంది. చాచమంటే చాచలేదు. బూటు అడుగు చూస్తే కొత్తదానిలా ఉంది. అరగలేదు. వేయడం లేదని అర్థమైంది.

అప్పుడు నేను కుప్పమ్మను మాటలన్నాను. నేను గొంతు పెంచే మనిషిని కాను. మెల్లగా, అందరూ వింటుండగా, బిడ్డ బాగుపడటం నీకిష్టం లేదా, పొద్దున రెండు నిమిషాలు బెల్టు బిగించడానికి కూడా తీరిక లేదా అని అడిగాను. ఆమె తల వంచుకుని విన్నది. డాక్టరుగారు కేసు షీటులో తల్లి సహకరించడం లేదని రాశారు. దాని కింద నేనూ అదే రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం మునిరత్నం రేకుల కింద ఆకురాయితో కమ్మీ అరగదీస్తూ, తలెత్తకుండా అన్నాడు. "ఒకసారి ఆ ఇంటికి పోయి సూడండి మ్మా. ఈడ కూర్చుని రాసుకుంటే ఏం తెలుస్తాది?"

నేను తేలిగ్గా తీసుకున్నది ఆ మాటనే. మూడు నెలలు వెళ్ళలేదు. ఆ మూడు నెలల్లో మోకాలు ఇంకా ముడుచుకుంది.

చివరికి ఒక శుక్రవారం పనయ్యాక వెళ్ళాను. వీధి వైపు పంచ, లోపల ఒకే గది, వెనక వంట. గదినిండా తడి గోనెల మీద కనకాంబరాలు, మరువం, తులసి. పంచ గోడకు మేకు కొట్టి పద్మ క్యాలిపర్ తగిలించి ఉంది. తుడిచి, నూనె రాసి, చిన్న తుప్పు మచ్చ కూడా లేకుండా. లోపల పిల్ల నేల మీద ఒక పక్కకు కూర్చుని, చేతులతో జరుగుతూ, ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు పోయి పూలు ఏరుతోంది. ఎంత వేగంగా జరుగుతోందో చెప్పలేను. ముడుచుకున్న కాలు ముడుచుకున్నట్టే ఉంది.

నేను లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నాక అడిగాను. "బూటు బయట ఎందుకు పెట్టినారు?"

కుప్పమ్మ కాసేపు నా కాళ్ళ వైపు చూసింది. "నీ చెప్పులు యాడ ఇడిస్తివి మ్మా?"

పంచలో విడిచాను. ఆలోచించకుండానే విడిచాను.

"ఈ పూలు అమ్మవారికి పోతాయి," అంది ఆమె. "తోలుబూటు ఏసుకొని పూల మధ్యన ఎట్ల తిరగమంటావు పిల్లను? బయటికి పోయేటప్పుడు ఏస్తానే ఉండాను. బయట ఎంతసేపుంటాది అది? బళ్ళోకి కూడా దాన్ని చేర్చుకోలేదు గదా."

"ఆ మాట ఆసుపత్రిలో చెప్పి ఉండొచ్చు కదా."

"నువ్వు అడిగితివా?" అంది కుప్పమ్మ. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

ఇంగ్లండులో పిల్లలు పొద్దున మంచం మీదే బూటు వేసుకుంటారు, మళ్ళీ మంచం ఎక్కేటప్పుడు విప్పుతారు. వంటింట్లో, బళ్ళో, ప్రార్థన చేసే చోట, అంతటా బూటే. ఆ లెక్కనే నేను పద్మకు రోజంతా వేయమని చెప్పాను. చిత్తూరులో మా ఇంట్లోనూ చెప్పులు గుమ్మం బయటే. అక్కడే పుట్టి పెరిగి, ఆ సంగతి నా పనికి సంబంధించినదని నాకు తోచలేదు. తెలియక చేసిన తప్పు కాదు ఇది. ఒంటికి తెలిసినదాన్ని పుస్తకం చదివి పక్కన పెట్టడం వల్ల వచ్చిన తప్పు.

ఆ నెలంతా మునిరత్నమూ నేనూ ఇళ్ళ వెంట తిరిగాము. కొండ మీద తిరుమలలో ఆలయ ఉద్యోగుల ఇళ్ళకూ వెళ్ళాము. ఒకటి రెండు చోట్ల తప్ప అంతటా మా బూట్లు గడప బయటే ఉన్నాయి. ఒక చోట కిటికీలో, ఒక చోట తులసికోటకు దూరంగా బుట్ట కింద. పిల్లలు లోపల నేల మీద జరుగుతున్నారు.

ఇంటి చెక్క

బస్సు కొండ దిగుతుండగా మునిరత్నం అన్నాడు. "తప్పంతా తోలుది మ్మా. కమ్మీది కాదు గదా."

అంతే. కమ్మీల కొనలు బూటు మడమ గొట్టంలోంచి లాగితే వచ్చేస్తాయి. బూటుకు బదులు ఇంకొకటి పెట్టవచ్చు. బొమ్మలకు వాడే తేలిక కొయ్యతో పాదం ఆకారానికి పలక చెక్కాడు. మడమ దగ్గర గొట్టం బిగించాడు. తోలు పట్టీల బదులు మంచాలకు అల్లే నవారు కుట్టాము. ఇంట్లో తిరగడానికి చెక్క, వీధిలోకి బూటు. గడప దగ్గర కూర్చుని కొనలు మార్చుకుంటే సరి.

మొదటిది వేరే పిల్ల ఇంట్లో నున్నటి గచ్చు మీద జారింది. మునిరత్నం సైకిలు టైరు ముక్క అంటించి తెచ్చాడు. కుప్పమ్మ దాన్ని తిప్పి చూసి నవ్వింది. "ఇది టైరు చెప్పు గదప్పా. దొడ్డిదారిన చెప్పే తెస్తివా?" టైరు పీకేసి గోనెగుడ్డ మడతలు అంటించాడు. అప్పుడు ఆమె తన షరతు చెప్పింది. చెక్క ఎప్పుడూ గడప దాటకూడదు, దాన్ని తానే కడుగుతుంది, మేము తీసుకుపోకూడదు. ఒప్పుకున్నాము.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. మొదట ఇంగ్లీషులో, తర్వాత తమిళంలో. ఆయన ఆపరేషన్ చేసిన కాలికి బొమ్మలవాడు చెక్కిన పలక కడతామా అని. కొంతమంది పిల్లలకు ఆయన చూడనప్పుడు ఇచ్చాము. నెల తర్వాత వాళ్ళ మోకాళ్ళు కొలిచి చూసుకుని ఆయనే నోరు మూసుకున్నారు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

పద్మకు మాత్రం ఆలస్యమైంది. మోకాలు చాచుకుంటే తప్ప గొళ్ళెం పడదు. ఆ మోకాలు ఇప్పుడు చాచుకోదు. డాక్టరుగారు పరీక్ష చేసి, మోకాలి వెనక బిగుసుకున్న కండరాల కొసలు కోసి సాగదీయాలన్నారు. ఆరు వారాలు ప్లాస్టర్ కట్టు. ఆ తర్వాత నాలుగు నెలలు రోజూ వ్యాయామం చేయించాలి. చేయించకపోతే మళ్ళీ ముడుచుకుంటుంది, ఈసారి మొదటికంటే గట్టిగా.

నేను డైరీ చివరి పేజీ తీసి చూసుకున్నాను. ఎర్ర సిరా తేదీ ఆ ఆరు వారాల మధ్యలో పడుతోంది. నేను వెళితే నా చోటికి వచ్చే మనిషి లేదు. రెండేళ్ళలో నేను ఎవరికీ పని నేర్పలేదు.

కుప్పమ్మకు డాక్టరుగారు అంతా వివరించారు. అంతా విని ఆమె నా వైపు తిరిగింది.

"కోసినాక నడిపించేది నువ్వేనా?"

నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశారు.

"నువ్వుంటావా మ్మా?" అంది. "ఉంటానంటే కోయిస్తాను. లేదంటే ఇట్లనే ఉండనీ. ఇప్పుడు జరగనన్నా జరుగుతా ఉండాది."

ఉంటానని వెంటనే చెప్పలేకపోయాను. మూడు రోజులు టైమియ్యమన్నాను. ఇది రాయడం నాకిష్టం లేదు, కానీ అదే జరిగింది.

మూడు రోజులు

అందరూ పెద్ద మనసుతోనే సలహా ఇచ్చారు. డాక్టరుగారే దారి చెప్పారు. "ప్లాస్టర్‌లో ఉన్నప్పుడు నువ్వు చేసేదేం లేదుగా. పదిహేను రోజులు పోయి రా. కౌంటర్లో అడిగితే ఉండటానికే వచ్చానని చెప్పు. ముద్ర బతుకుతుంది."

చాలామంది అలాగే చేసేవారు. వాళ్ళను నేను తప్పుపట్టను, ఒక్కొక్కరి అవసరం ఒక్కోలా ఉంటుంది. నేనూ ఒక రాత్రంతా ఆ మాటనే పట్టుకున్నాను. అబద్ధం చెప్పాలే అన్న సంకోచం ఒకటుంది. నాకది బొత్తిగా రాదు, మొహం పట్టిచ్చేస్తుంది. అంతకంటే పెద్దది ఇంకొకటి. పదిహేను రోజులు వెళ్ళి వస్తే ఇంకో రెండేళ్ళు వస్తాయి. అవి అయ్యాక మళ్ళీ పదిహేను రోజులు. ఎప్పుడూ ఇంకో రెండేళ్ళకని వచ్చిన మనిషిగానే ఉంటాను.

అప్పుడు నా గది చుట్టూ చూసుకున్నాను. ఇంగ్లండు నుంచి తెచ్చిన పుస్తకాల పెట్టె తాడు విప్పలేదు. ఆసుపత్రిలో ఇంకో గది కావాలని ఒక్కసారీ అడగలేదు, ఎలాగూ వెళ్ళిపోతాను కదా అని. ఎవరికీ నేర్పలేదు. మునిరత్నాన్ని రోజుకూలీగానే ఉంచారు, నేను మాట్లాడలేదు. కుప్పమ్మ ఇంటికి మూడు నెలలు వెళ్ళకపోవడమూ అందులో భాగమే. నాకు బద్ధకం కాదు, భయం కాదు. ఈ ఊరి సంగతులు ఎంతదాకా పట్టించుకోవాలో ముందే ఒక హద్దు గీసుకుని వచ్చాను. రెండేళ్ళకని వచ్చిన మనిషి రెండేళ్ళ పనే చేస్తుంది. ముద్ర పాస్‌పోర్టులో ఉందనుకున్నాను. అది నా పనిలోనూ పడింది.

ఆదివారం చిత్తూరు వెళ్ళాను. మా అక్క అక్కడ బళ్ళో టీచరు. నాలాగ కాదు, నోరున్న మనిషి. వంకాయలు కోస్తూ అంతా విన్నది.

"ఈడ నీకేముండాదే?" అంది. "రెండు పైపులు, పది చెక్కలు. ఆ పిల్ల మోకాలు బాగైతే వాళ్ళు వాళ్ళ దారిన పోతారు. మళ్ళ నీ ముద్ర నీకొస్తాదా?"

"రాదు."

"తెలిసే పోగొట్టుకుంటావా?"

"తెలిసే."

అక్క కత్తి పక్కన పెట్టింది. "నిన్ను సూసినోళ్ళు నోట్లో నాలుక లేదనుకుంటారు. ఇంత మొండి నేను యాడా సూడలేదు." వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, "ఆ గ్రంథాలయం లేకుండా ఉండగలవా?" అని అడిగింది. అక్కకు తెలుసు నా ప్రాణం ఎక్కడుందో. ఉండలేనేమో అన్నాను. నిజంగానే ఆ లోటు నాకు ఎప్పటికీ తీరలేదు.

అయినా ఆ మాట అన్నప్పుడే నాకు తెలిసింది, నేను నిర్ణయించుకుని వచ్చి అక్కకు చెబుతున్నానని. ఇంగ్లండులో నేను బాగా పనిచేసేదాన్ని. కానీ అక్కడ నేను చేసే పని నా పక్కనున్న అమ్మాయి కూడా అంత బాగానే చేసేది. గడప బయటి బూటు సంగతి ఆమెకు ఎవరు చెప్పినా అర్థం కాదు. నాకు అర్థమైంది, ఆలస్యంగానైనా. నా చదువు నా ఒంటికి తెలిసినదాన్ని కలుసుకున్న చోటు అదొక్కటే. దాన్ని వదిలి వెళ్ళడం నాకిష్టం లేదు. ఇందులో త్యాగం ఏముంది?

గడువు దానంతటది జారిపోయేదాకా ఊరుకోవచ్చు. ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు. కానీ అలా జారనిస్తే రేపు కష్టమొచ్చినప్పుడు, నేను వదల్లేదు, అదే పోయింది అని చెప్పుకుంటాను. అందుకని సోమవారం పొద్దున రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి సూపరింటెండెంటుకు, నా చోట వేరే మనిషిని వేసుకోమని. రెండోది మద్రాసులో బ్రిటిష్ కార్యాలయానికి, ఇకమీద నేను అక్కడ ఉండటానికి రాబోవడం లేదని. రెండూ తిరుపతి పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదులు డైరీలో అంటించాను.

అక్కడి నుంచి నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళాను. మాటలు తడబడతాయని కాగితం మీద రాసుకుని వెళ్ళి చదివాను. వర్కుషాపుకు రేకుల పంచ కాదు, గది కావాలి. మునిరత్నాన్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఏడాదికి ఇద్దరు అమ్మాయిలకు నేను పని నేర్పుతాను. ప్రతి పిల్లకూ క్యాలిపర్ ఇవ్వకముందే ఒకసారి ఇల్లు చూసి రావాలి. ఇంటి చెక్క కేసు షీటులో రాయాలి, దొంగతనంగా ఇవ్వం.

ఆయన నా చేతిలో కాగితం తీసుకుని మళ్ళీ చదువుకున్నారు. "ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావమ్మా?" అన్నారు. గది ఇస్తామన్నారు, మునిరత్నం సంగతి ట్రస్టువాళ్ళతో మాట్లాడతామన్నారు. చెక్క దగ్గర మాత్రం ఆగారు.

"చెక్క రాయకపోతే నేనుండను సార్."

"ఎక్కడికి పోతావు? ఉత్తరాలు వేసేశావుగా."

"చిత్తూరికి పోతాను."

ఆయన నవ్వారు. ఆయన నవ్వడం చూడటం నాకదే మొదలు. కేసు షీటు తెప్పించి పద్మ పేరు కింద తన చేత్తోనే రాశారు. తల్లి సహకరించడం లేదన్న నా పాత వాక్యం నేను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. తర్వాత తిరుచానూరు వెళ్ళి కుప్పమ్మకు ఉంటానని చెప్పాను. ఆమె సరేనంది. పూలు చుడుతున్న చెయ్యి ఆపలేదు.

ఆ తర్వాత

ఆపరేషన్ జరిగింది. ప్లాస్టర్‌లో ఉండగా నా గడువు తేదీ వచ్చి వెళ్ళింది. ఆ రోజు డైరీలో వానపడిందని, ఇద్దరు పిల్లలకు కొలతలు తీశామని ఉంది. వేరే ఏమీ రాయలేదు.

కట్టు విప్పాక నాలుగు నెలలనుకున్నది ఏడు నెలలైంది. మోకాలు పూర్తిగా చాచుకోలేదు, కొద్దిగా మిగిలింది. గొళ్ళెం మాత్రం పడింది. పద్మ ఒకసారి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది, కుప్పమ్మ నన్ను వీధంతా వినేలా తిట్టింది. ఇప్పుడు మేమిద్దరం సమానమయ్యామనుకున్నాను. ఏడాది తిరిగేసరికి పిల్ల ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంట్లో నిలబడి తిరగసాగింది. బళ్ళోనూ చేర్చుకున్నారు. ఇది అద్భుతం కాదు. ఒక కాలికి ఏడు నెలల రోజువారీ పని, అంతే.

నిర్ణయం మంచిదే అయితే తర్వాత అంతా సాఫీగా ఉంటుందనుకోకండి. డాక్టరుగారు వెళ్ళిపోయాక ఆయన చోటికి వచ్చిన పెద్దమనిషి చెక్కలు అనాగరికంగా ఉన్నాయని వర్కుషాపుకు తాళం వేయించాడు. మూడు నెలలు మునిరత్నం మళ్ళీ సైకిళ్ళు బాగుచేసుకున్నాడు. ఆ మూడు నెలలూ నేను రోజూ ఆ గ్రంథాలయం కిటికీ తలుచుకున్నాను, ముద్ర తలుచుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను. డైరీలో ఉంది, దాచను. తాళం ఎలా తీయించామంటే, పిల్లల తల్లులు రోజుకిద్దరు చొప్పున వచ్చి ఆయన గది ముందు కూర్చున్నారు. అరవలేదు, ఏమీ అడగలేదు. వాళ్ళు కూర్చున్న పద్దెనిమిదో రోజుకు తాళం తీశాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది కొంచెమే. మీరు చెప్పిన మాట పేషెంటు వినకపోతే, కేసు షీటులో రాయకముందు ఆ ఇంటికి వెళ్ళండి. మీరు ఎక్కడ ఉండాలన్నది మీ ఇష్టం. అక్కడ ఉన్నా, ఇక్కడ ఉన్నా, ఉన్న చోట తాడు విప్పని పెట్టెతో ఉండకండి. వదులుకుంటే మీ చేత్తో వదులుకోండి.

చాలా ఏళ్ళకు మూడు వారాల శిక్షణకు మళ్ళీ ఇంగ్లండు వెళ్ళాను. విమానాశ్రయంలో నేను నిలబడింది సందర్శకుల వరస. కౌంటర్లో కూర్చున్నతను కుర్రాడు. కొత్త పాస్‌పోర్టుకు కలిపి కుట్టిన పాతదాన్ని తిప్పుతూ ఆ ముద్ర దగ్గర ఆగాడు.

మీకు ఇక్కడ ఎప్పటికీ ఉండే హక్కు ఉండింది కదా అన్నాడు. ఉండిందన్నాను. పోగొట్టుకున్నారా అని అడిగాడు, జాలిగా. లేదు, నేనే వదులుకున్నాను, మీ వాళ్ళకు ఉత్తరం కూడా రాశానన్నాను. అతను నా మొహం వైపు చూశాడు. ఆరు నెలలు ఉండవచ్చునని ముద్ర కొట్టి చేతికిచ్చాడు.

మూడు వారాలు చాలన్నాను. మూడు వారాలయ్యాక సోమవారం పొద్దున ఎనిమిదింటికి మా ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాను.